బాలల చేతికి సినిమా డిస్కు.. ఇచ్చేదెవరు, ఆపేదెవరు?

అమెరికా గ్రంథాలయాల్లో తల్లిదండ్రులదే బాధ్యత
బ్రిటన్‌లో వయసు చూశాకే బల్ల దాటే డిస్కు
మన చట్టం పట్టంతా ప్రదర్శన మీదే

మన జిల్లా నుంచి కొడుకులు, కూతుళ్ల వద్దకు అమెరికా వెళ్లి ఆరు నెలలు గడిపి వచ్చే పెద్దల సంఖ్య తక్కువేమీ కాదు. తిరిగివచ్చాక వారు చెప్పే ముచ్చట్లలో అక్కడి ఊరి గ్రంథాలయం తప్పక ఉంటుంది. పుస్తకాలతో పాటు సినిమా డిస్కులు కూడా ఇంటికి ఇస్తారని, అద్దె అడగరని, బడి పిల్లలకు సైతం సొంత కార్డు ఉంటుందని వారు విస్తుపోతూ చెబుతారు. ఆ మాట విన్నవారికి వెంటనే కలిగే సందేహం ఒక్కటే. పదేళ్ల మనవడు తన కార్డుతో పెద్దలు మాత్రమే చూడదగిన చిత్రాన్ని తెచ్చుకోబోతే గ్రంథపాలకుడు ఆపుతాడా, ఆపడా?

సమాధానం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలోనైతే ఒకే రాష్ట్రంలోని రెండు పక్కపక్క ఊళ్లలోనే మారిపోవచ్చు. ఈ గందరగోళానికి మూలం చిత్రాలకు వయసు ముద్ర వేసే పద్ధతిలో ఉంది.

ముద్ర వేసేది ప్రభుత్వం కాదు

మన దేశంలో సినిమాకు ధ్రువపత్రం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం నియమించిన బోర్డు. కనుక అమెరికాలోనూ అలాంటిదే ఉంటుందని మనం అనుకుంటాం. అక్కడ అటువంటిది లేదు. చిత్ర నిర్మాణ సంస్థల సంఘం 1968 నవంబరు 1న ఈ ముద్రల పద్ధతిని సొంతంగా ప్రారంభించింది. అప్పటి సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి. ప్రభుత్వం సెన్సారు కత్తెర పట్టుకొని రాకముందే పరిశ్రమే తన ఇంటిని చక్కదిద్దుకోవాలన్నది ఆలోచన. అందరూ చూడదగినది జీ, తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించుకోవలసినది పీజీ, పదమూడేళ్ల లోపు వారి విషయంలో గట్టిగా హెచ్చరించేది పీజీ-13. పదిహేడేళ్లు నిండనివారు పెద్దల వెంట వస్తేనే థియేటరులోకి అనుమతించే చిత్రానికి ఆర్ ముద్ర పడుతుంది. ఆపైన పిల్లలను అసలే రానివ్వనిది ఎన్‌సీ-17. వీటిలో పీజీ-13 1984లోను, ఎన్‌సీ-17 1990లోను వచ్చి చేరాయి.

ఇవన్నీ స్వచ్ఛంద నియమాలే. నిర్మాత తన చిత్రాన్ని ఈ పరిశీలనకు పంపి తీరాలన్న చట్టం లేదు. ఆర్ చిత్రానికి పిల్లలను రానిచ్చిన థియేటరు యజమాని మీద ఈ ముద్ర కారణంగా పోలీసు కేసు పెట్టరు. కొన్ని చోట్ల స్థానిక ప్రభుత్వాలు ఈ ముద్రలనే చట్టంగా మార్చబోతే న్యాయస్థానాలు 1970లోనే అడ్డుకున్నాయి. విస్కాన్సిన్‌లోని కెనోషా పట్టణం, పెన్సిల్వేనియా రాష్ట్రం ఈ విషయంలో భంగపడ్డాయి. ఒక ప్రైవేటు సంఘం తన లెక్కల ప్రకారం వేసిన ముద్రను పౌరుల మీద చట్టంగా రుద్దడం కుదరదన్నది ఆ తీర్పుల సారం.

అలాగని పిల్లలకు ఏదైనా ఇవ్వవచ్చని కాదు. పెద్దలకు అభ్యంతరం లేకపోయినా పిల్లలకు హానికరమైన అశ్లీల సామగ్రిని బాలలకు అమ్మరాదని శాసించే అధికారం రాష్ట్రాలకు ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1968లో జిన్స్‌బర్గ్ కేసులో చెప్పింది. అయితే అది అశ్లీలానికి సంబంధించిన మాట. ఆర్ ముద్ర ఉన్న ప్రతి చిత్రమూ అశ్లీలం కాదు. యుద్ధం, రక్తపాతం, నాలుగు బూతు మాటలు ఉన్నా ఆర్ పడుతుంది. బాలలకు హింసాత్మక వీడియో ఆటలు అమ్మరాదంటూ కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 2011లో కొట్టివేసింది. హింస పేరుతో పిల్లల వాక్‌స్వాతంత్ర్యానికి కొత్తగా హద్దు గీయలేమన్నది.

ఒకే చిత్రం.. రెండు దేశాలు, రెండు వయసులు

ముద్రను ఎంతవరకు నమ్మవచ్చో తెలిపే ఉదాహరణలు రెండు. నత్తితో బాధపడిన బ్రిటన్ రాజు ఆరో జార్జి కథతో 2010లో వచ్చిన ‘ద కింగ్స్ స్పీచ్’ చిత్రంలో వైద్యంలో భాగంగా రాజు వరుసగా బూతులు పలికే సన్నివేశం ఒకటి ఉంది. అమెరికాలో దానికి ఆర్ ముద్ర పడింది. బ్రిటన్‌లో మొదట 15 ఏళ్ల ముద్ర వేసి, పంపిణీదారు అభ్యంతరం చెప్పిన మీదట 12ఏ కు తగ్గించారు. రాజు గారు పలికింది రెండు దేశాల్లోనూ అవే మాటలు!

రెండోది ‘బుల్లీ’ అనే డాక్యుమెంటరీ. బడిలో తోటి పిల్లల వేధింపులకు గురైన బాలబాలికల వ్యథ అది. పిల్లలే నిజంగా పలికిన తిట్లు అందులో ఉన్నందున 2012లో ఆర్ ముద్ర వేశారు. బడి పిల్లలు చూడవలసిన చిత్రాన్ని బడి పిల్లలకే దూరం చేశారంటూ ఒక విద్యార్థిని సంతకాల ఉద్యమం చేపట్టగా లక్షల మంది చేయి కలిపారు. చివరకు కొన్ని మాటలు తీసివేశాక పీజీ-13 లభించింది. గ్రంథపాలకులు ముద్రనే తుది తీర్పుగా తీసుకోవడానికి వెనుకాడటం ఇందువల్లే.

సంఘం మాట ఒకటి.. ఊరి నిర్ణయం మరొకటి

అమెరికా గ్రంథాలయ సంఘం 1939లో ‘గ్రంథాలయ హక్కుల పత్రం’ ఆమోదించింది. వయసు కారణంగా ఎవరికీ గ్రంథాలయ సేవలను నిరాకరించరాదన్న మాటను 1967లో చేర్చారు. వీడియో క్యాసెట్లు ప్రాచుర్యంలోకి వచ్చిన తరువాత, పుస్తకానికి ఒక నీతి, సినిమాకు మరో నీతి కుదరదని 1989లో ప్రత్యేకంగా వివరణ ఇచ్చారు. సంఘం వాదన సూటిగా ఉంటుంది. పిల్లవాడు ఏది చూడాలో, ఏది చూడకూడదో చెప్పవలసింది అతని తల్లిదండ్రులు. వారు తమ బిడ్డకు మాత్రమే హద్దు గీయగలరు గాని ఊళ్లోని పిల్లలందరికీ కాదు. గ్రంథపాలకుడు తండ్రి స్థానంలో కూర్చోరాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. డిస్కు పెట్టె మీద నిర్మాత వేసి పంపిన ముద్రను గ్రంథాలయం చెరపకూడదు. చెరిపితే సమాచారాన్ని దాచినట్లవుతుంది. అలాగని ముద్ర లేని పెట్టె మీద తాను కొత్తగా వేయనూ కూడదు. వేస్తే తన అభిప్రాయాన్ని రుద్దినట్లవుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్లే ఉంచి, చదువుకొని నిర్ణయించుకునే భారాన్ని ఇంటివారికి వదలాలని సంఘం చెబుతుంది.

అయితే సంఘం మాట సలహా మాత్రమే. అక్కడి గ్రంథాలయాలకు అధిక భాగం డబ్బు స్థానిక పన్నుల నుంచి వస్తుంది. పాలన సాధారణంగా ఊరి పాలక మండలి చేతిలో ఉంటుంది. పన్ను కట్టేవారు సమావేశానికి వచ్చి నిలదీస్తే మండలి వినక తప్పదు. అందువల్ల ఆచరణ పలు విధాలుగా ఉంది. కొన్ని ఊళ్లలో కార్డు ఎవరిదైనా ఏ డిస్కు అయినా ఇస్తారు. కొన్ని చోట్ల కార్డు దరఖాస్తులోనే పిల్లలకు డిస్కులు ఇవ్వవచ్చా, ఆర్ చిత్రాలు ఇవ్వవచ్చా అని తల్లిదండ్రులను అడిగి సంతకం తీసుకుంటారు. మరికొన్ని చోట్ల పదిహేడేళ్లు నిండని కార్డును యంత్రం మీద పెడితే ఆర్ డిస్కు నమోదు కాకుండా కంప్యూటరే నిలిపివేస్తుంది. ఈ మూడో పద్ధతిని సంఘం ఒప్పుకోదు. అయినా అది సాగుతూనే ఉంది.

ఆర్ డిస్కు దగ్గర ఆగిపోయే ఆ కుర్రవాడే పక్క అరలోని నవలను, అదే కథ ఆధారంగా ఆ సినిమా తీసినా సరే, నిరభ్యంతరంగా ఇంటికి పట్టుకుపోవచ్చు. పుస్తకానికి వయసు ముద్ర లేదు కనుక. అక్షరం కంటే బొమ్మకే భయపడటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

తెలుగు డిస్కుకు ముద్రే లేదు

ప్రవాసాంధ్రుల ఇళ్లకు దగ్గరగా తాకే చిక్కు ఇక్కడుంది. భారతీయులు ఎక్కువగా స్థిరపడిన ఊళ్లలోని కొన్ని గ్రంథాలయాలు మన భాషల చిత్రాలను కూడా కొని ఉంచుతాయి. మన చిత్రాలు అమెరికాలో విడుదలైనప్పుడు అక్కడి సంఘం పరిశీలనకు వెళ్లడం అరుదు. ‘ఆర్ఆర్ఆర్’ వంటి ప్రపంచ ప్రసిద్ధ చిత్రం కూడా అక్కడ ముద్ర లేకుండానే ఆడింది. ముద్ర లేని డిస్కును ఆర్ డిస్కుతో సమానంగా చూడాలా, పిల్లల డిస్కుగా చూడాలా అన్నది ఆయా గ్రంథాలయాల ఇష్టం. కంప్యూటరు ఆర్ అన్న అక్షరాన్ని మాత్రమే గుర్తుపడితే, మన బోర్డు పెద్దలకు మాత్రమేనని తేల్చిన చిత్రం సైతం అక్కడ పిల్లల కార్డు మీద సాఫీగా వెళ్లిపోతుంది. ఉదాహరణకు 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’కి ఇక్కడ ఏ ధ్రువపత్రం ఇచ్చారు. పెట్టె మీద ముద్రించిన ఆ ఏ అక్షరానికి అర్థమేమిటో అమెరికా గ్రంథపాలకుడికి తెలియవలసిన అవసరం లేదు. తెలుగు చదవగల అమ్మానాన్నలకు, పక్కన కూర్చున్న తాతయ్యకు మాత్రమే తెలుస్తుంది.

ముద్ర లేనిది అనగానే అది చెడ్డదన్న అనుమానమూ తప్పే. ఈ పద్ధతి పుట్టక ముందు వచ్చిన పాత చిత్రాలు, విదేశీ చిత్రాలు, డాక్యుమెంటరీలు ఎన్నో ముద్ర లేకుండానే అరల్లో ఉంటాయి. ముద్ర లేనివన్నీ ఆపేస్తే ముందుగా నష్టపోయేవి అవే.

ఊరు చిన్నది.. చిక్కు పెద్దది

ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని రాష్ట్రాలు ఈ వ్యవహారంలోకి చట్టంతో దిగాయి. బాలలకు హానికరమైన సామగ్రిని వారికి అందుబాటులో ఉంచిన గ్రంథపాలకుల మీద క్రిమినల్ కేసు పెట్టేందుకు వీలు కల్పిస్తూ ఆర్కన్సా రాష్ట్రం 2023లో చట్టం చేసింది. ఫెడరల్ న్యాయస్థానం అదే ఏడాది జులైలో ముఖ్యమైన రెండు నిబంధనలను నిలిపివేసి, 2024 డిసెంబరులో అవి రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది.

ఐడహో రాష్ట్రంలో మరో దారి పట్టారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం పిల్లలకు హానికరమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే 60 రోజుల్లోగా ఆ సామగ్రిని పెద్దల విభాగంలోకి మార్చాలి. లేకుంటే గ్రంథాలయంపై దావా వేయవచ్చు. డొనెల్లీ అనే చిన్న ఊరి గ్రంథాలయానికి ఇదే గండమైంది. ఉన్నది ఇరుకు భవనం. పెద్దలకు వేరే గది కట్టే స్థోమత లేదు. చివరకు గ్రంథాలయం మొత్తాన్నే పెద్దల విభాగంగా ప్రకటించారు. పిల్లలు లోపలికి రావాలంటే వెంట తల్లిదండ్రులు ఉండాలి, లేదా వారు సంతకం చేసిన పత్రం ఉండాలి. కొన్ని పుస్తకాలను, డిస్కులను పిల్లలకు దూరంగా ఉంచాలనుకున్న చట్టం ఒక ఊళ్లో పిల్లలనే గ్రంథాలయానికి దూరం చేసింది. ఒకే గదిలో నడిచే మన శాఖా గ్రంథాలయాలను చూసినవారికి ఆ ఇబ్బంది ఏమిటో విడమరిచి చెప్పనక్కర లేదు.

బ్రిటన్‌లో చట్టానిదే మాట

అట్లాంటిక్ దాటితే లెక్క మారిపోతుంది. బ్రిటన్‌లో 1984 నాటి వీడియో రికార్డింగుల చట్టం కింద డిస్కులకు, క్యాసెట్లకు వర్గీకరణ తప్పనిసరి. యూ, పీజీ అన్నవి సలహాలు. 12, 15, 18 అన్నవి చట్టబద్ధమైన హద్దులు. ఆ వయసు రాని పిల్లవాడికి డిస్కు సరఫరా చేయడం నేరం. సరఫరా అంటే అమ్మకం ఒక్కటే కాదని, అద్దెకివ్వడం, మార్పిడి, ఎరువివ్వడం కూడా అందులోకే వస్తాయని చట్టమే చెబుతుంది. కాబట్టి అక్కడి గ్రంథాలయాల్లో డిస్కుల బల్ల వద్ద పుట్టిన తేదీ చూస్తారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. 12ఏ ముద్ర థియేటరుకే పరిమితం. పదేళ్ల పిల్లవాడు తండ్రితో కలిసి ఆ చిత్రాన్ని థియేటరులో చూడవచ్చు. అదే చిత్రం డిస్కుగా వచ్చేసరికి ముద్ర 12గా మారుతుంది. అప్పుడు ఆ పిల్లవాడి కార్డు మీద దాన్ని ఇవ్వరు. తండ్రి తన కార్డు మీద తీసుకొని ఇంట్లో చూపిస్తే మాత్రం చట్టం అడ్డుచెప్పదు. గుమ్మం లోపలి వ్యవహారం అక్కడా ఇంటివారిదే.

ఇంత గట్టి చట్టానికీ ఒక చిల్లు పడింది. ఐరోపా సమాజానికి ముందుగా తెలియజేయవలసిన ఈ చట్టాన్ని 1984లో తెలియజేయలేదని 2009లో బయటపడింది. పాతికేళ్ల పాటు అమలు చేసిన చట్టం చెల్లదని తేలడంతో ప్రభుత్వం కంగుతిన్నది. అదే చట్టాన్ని 2010 జనవరిలో పార్లమెంటు మళ్లీ చేయవలసి వచ్చింది. ఒక కాగితం పంపడం మరచిపోవడం మన కార్యాలయాలకే పరిమితమైన జబ్బు కాదన్నమాట.

జర్మనీలోనూ 6, 12, 16, 18 ఏళ్ల ముద్రలకు బాలల రక్షణ చట్టం అండ ఉంది. ముద్రలోని వయసు రాని పిల్లలకు ఆ డిస్కును అందుబాటులో ఉంచకూడదు.

మరి మన దగ్గర?

మన సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 నాటిది. 1983 వరకు యూ, ఏ అనే రెండే ధ్రువపత్రాలు ఉండేవి. ఆ ఏడాది యూఏ, ఎస్ చేరాయి. ముందస్తు సెన్సారు రాజ్యాంగబద్ధమేనని కె.ఎ.అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు 1970లో తేల్చింది. కనుక అమెరికాలో సంఘం చేసే పనిని ఇక్కడ ప్రభుత్వ బోర్డే చేస్తుంది. హైదరాబాద్‌లో దానికి ప్రాంతీయ కార్యాలయం ఉంది. 2023లో చట్టాన్ని సవరించి యూఏను 7, 13, 16 ఏళ్ల చొప్పున మూడుగా విడగొట్టారు. ఈ అంకెలు తల్లిదండ్రులకు మార్గదర్శకం మాత్రమే. వారు తప్ప ఇతరులు వాటిని అమలు చేయడానికి వీల్లేదని సవరణలోనే రాశారు. అంటే యూఏ 16 చిత్రానికి తండ్రితో వచ్చిన పన్నెండేళ్ల బాలుడిని థియేటరు వారు తిప్పిపంపలేరు. ఏ చిత్రం సంగతి వేరు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి దాన్ని ప్రదర్శించడం శిక్షార్హం.

ఇక్కడ గమనించవలసిన మాట ‘ప్రదర్శన’. మన చట్టం బలమంతా దానిపైనే నిలిచింది. డిస్కును ఎరువిచ్చేటప్పుడు కార్డు మీది వయసు చూడాలని బ్రిటన్ చట్టం చెప్పినంత స్పష్టంగా మన చట్టం చెప్పదు. వీడియో పెట్టె మీద బోర్డు ధ్రువపత్రం నకలు ఉండాలని మాత్రం కాపీరైట్ చట్టంలోని 52ఏ సెక్షన్ కోరుతుంది. ఇంటర్నెట్ ద్వారా వచ్చే చిత్రాలకు 2021 నాటి నిబంధనలు వర్తిస్తాయి. పదమూడేళ్లు, ఆపై ముద్ర ఉన్నవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఏ చిత్రాలకు వయసు నిర్ధారణ ఏర్పాటు ఉండాలి.

మన పౌర గ్రంథాలయాలు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం మీద నడుస్తున్నాయి. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు వాటి ఆధారం. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ సెస్సును సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయవన్న ఫిర్యాదు ఎప్పటినుంచో వినిపిస్తున్నదే. దినపత్రికలకు, పోటీ పరీక్షల పుస్తకాలకే డబ్బు చాలని చోట సినిమా డిస్కుల అర ఊహకందని సంగతి. పడవల మీద పుస్తకాలు పంపి పల్లెల్లో చదివించిన గ్రంథాలయోద్యమం నడిచిన నేల ఇది. అయినా సినిమా మన గ్రంథాలయాల మెట్లు ఎక్కలేదు. డిస్కుల కాలం కూడా దాదాపు ముగిసింది. అమెరికాలో తపాలా ద్వారా డిస్కులు పంపే నెట్‌ఫ్లిక్స్ సేవ 2023 సెప్టెంబరులో ఆగింది. దుకాణాల ముందు పెట్టెల నుంచి డిస్కులు అద్దెకిచ్చిన రెడ్‌బాక్స్ 2024లో మూతపడింది. ఇప్పుడు అక్కడ డిస్కు దొరికే ముఖ్యమైన చోటు గ్రంథాలయమే.

కార్డు మీదనే సెల్‌ఫోనుకు చిత్రాలు అందించే కానోపీ, హూప్లా వంటి సేవలను కూడా అక్కడి గ్రంథాలయాలు కొని ఇస్తున్నాయి. బల్ల వద్ద అడిగేవారు ఉండరు గనుక వయసు హద్దు అక్కడ పూర్తిగా ఆ సేవల అమరికల మీదనే ఆధారపడుతుంది. పిల్లలకు వేరే విభాగం, తల్లిదండ్రులు పెట్టుకోగల రహస్య సంఖ్య వంటివి ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

కార్డు తీసుకునేముందు..

అమెరికాలో పిల్లవాడి కార్డు దరఖాస్తుపై సాధారణంగా తల్లిగాని, తండ్రిగాని, చట్టబద్ధ సంరక్షకుడుగాని సంతకం చేయాలి. సందర్శనకు వెళ్లిన తాతయ్య, అమ్మమ్మల సంతకం చెల్లదు. ఆ సంతకంతో పోయిన వస్తువుల బాధ్యతతో పాటు బిడ్డ ఎంచుకునే వాటి బాధ్యత కూడా తమదేనని ఒప్పుకున్నట్లు చాలా గ్రంథాలయాలు భావిస్తాయి. డిస్కుల విషయంలో హద్దు పెట్టే గడి దరఖాస్తులో ఉంటే అప్పుడే గుర్తు పెట్టాలి. లేకుంటే ముద్ర లేని చిత్రాలను ఎలా చూస్తారో బల్ల వద్ద అడిగి తెలుసుకోవచ్చు. బిడ్డ ఏమేమి తీసుకున్నాడో తరువాత చూపించమంటే చూపిస్తారన్న నమ్మకం లేదు. పాఠకుల వివరాలు గోప్యంగా ఉంచాలని 48 రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. కొన్ని చోట్ల తల్లిదండ్రులకు మినహాయింపు ఉంది, కొన్ని చోట్ల లేదు.